బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌ను ఎక్కడ వాడాలి: బెంచీ మీదా, పంట్ జట్టులోనా, ట్రిక్ ప్లేలోనా?

అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్కో జట్టు జాబితాలో 53 మంది ఉంటారు. ఆట రోజున మైదానంలోకి దిగే అర్హత అందులో 48 మందికే, అది కూడా ఎనిమిది మంది అఫెన్సివ్ లైన్‌మెన్‌ను (దాడి వేళ ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునేవాళ్లను) చేర్చుకుంటేనే. క్వార్టర్‌బ్యాక్ అంటే దాడిని నడిపి, బంతి విసిరేవాడు. ఆ 48లో ఒక చోటు అతనికి బదులుగా ఉంచుకునే బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌ది. మొదటి క్వార్టర్‌బ్యాక్ క్షేమంగా ఉన్నంతసేపూ అతనికి పని లేదు. టోపీ పెట్టుకుని, టాబ్లెట్ పట్టుకుని, మూడు గంటలు గీత బయట నిలబడి ఇంటికి వెళతాడు. పక్కనే, బంతిని తన్నే ఘట్టాలను చూసుకునే స్పెషల్ టీమ్స్ కోచ్‌కు మనుషులు చాలరు. పంట్‌కు (బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకు అప్పగించడం), కిక్కాఫ్‌కు (ఆట మొదలుపెట్టే తన్ను), రిటర్న్‌కు (అలా వచ్చిన బంతి పట్టుకుని తిరిగి పరిగెత్తడం) పరిగెత్తగలిగేవాళ్లు, ఢీకొనగలిగేవాళ్లు కావాలి. ఖాళీగా నిలబడిన ఆ దృఢకాయుడి మీద అతని కన్ను పడటం సహజం.

ఇవ్వాలా, వద్దా? ఇస్తే ఏ పనికి? చాలామంది ఈ చర్చను ఆటగాడి వేగం దగ్గర, బలం దగ్గర మొదలుపెడతారు. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది: అతనికి దెబ్బ తగిలి, ఆ వెంటనే మొదటి క్వార్టర్‌బ్యాక్‌కు కూడా తగిలితే బంతి విసిరేది ఎవరు? రెండోది: ఒకటి రెండేళ్లలో జట్టును ఇతని చేతికి అప్పగించే ఉద్దేశం ఉందా? ఈ రెండూ తేలాక మిగతాది సులువు.

అతని వెనుక ఎవరున్నారు?

ఈ విషయం ఎత్తగానే అందరి నోటా వచ్చే పేరు టేసమ్ హిల్. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు. జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2017లో అతన్ని ఎవరూ ఎంచుకోలేదు. గ్రీన్ బే ప్యాకర్స్ తీసుకుని వదిలేస్తే న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ పట్టుకున్నారు. అక్కడ కోచ్ షాన్ పేటన్ అతని చేత చేయించని పని దాదాపు లేదు. కిక్కాఫ్ వెంట పరిగెత్తించాడు, కిక్ రిటర్న్ చేయించాడు, టైట్ ఎండ్‌గా (ఎదుటివాళ్లను అడ్డుకుంటూ పాసులూ పట్టేవాడిగా) నిలబెట్టాడు, నేరుగా స్నాప్ (ప్లే మొదలవగానే సెంటర్ వెనక్కి ఇచ్చే బంతి) ఇప్పించి పరిగెత్తించాడు. 2018 డిసెంబరులో టాంపా బే మీద సెయింట్స్ 14-3తో వెనుకబడి ఉండగా హిల్ ఒక పంట్‌ను అడ్డుకున్నాడు. అక్కడి నుంచి ఆట తిరిగింది, 28-14తో గెలిచారు. 2019 థాంక్స్‌గివింగ్ రాత్రి అట్లాంటా మీద ఇంకో పంట్‌ను అడ్డుకుని, ఒక టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం) క్యాచ్ పట్టి, 30 గజాలు పరిగెత్తి మరో టచ్‌డౌన్ చేశాడు.

ఈ ముచ్చట చెప్పేవాళ్లు ఒక వివరం మింగేస్తారు. ఆ రెండు సీజన్లూ హిల్ సెయింట్స్‌కు రెండో క్వార్టర్‌బ్యాక్ కాదు, మూడోవాడు. మొదటివాడు డ్రూ బ్రీస్, అతని తర్వాతి వరుస టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్‌ది. 2019 రెండో వారంలో బ్రీస్ చేతి బొటనవేలికి దెబ్బ తగిలితే బ్రిడ్జ్‌వాటర్ పగ్గాలు పట్టి, తాను మొదలుపెట్టిన అయిదు ఆటలూ గెలిపించాడు. హిల్ మాత్రం తన పనులు తాను చేసుకుంటూ పోయాడు. 2020లో బ్రిడ్జ్‌వాటర్ వెళ్లిపోతే జేమిస్ విన్‌స్టన్‌ను తెచ్చుకున్నారు. పేటన్ ధైర్యమంతా ఈ బీమా మీద నిలబడింది.

న్యూయార్క్ జెట్స్ 2012లో చేసింది దీనికి తలకిందులు. అంతకు ముందు సీజన్‌లో డెన్వర్‌కు ప్లేఆఫ్ ఆట గెలిపించిన టిమ్ టీబోను తెచ్చుకున్నారు. మొదటి క్వార్టర్‌బ్యాక్ మార్క్ సాంచెజ్ తర్వాత అతనే, పంట్ జట్టులో పంటర్‌కు కాపలా కూడా అతనే. అట్టహాసం ఎక్కువ, వాడకం తక్కువ. సీజన్ మొత్తానికి టీబో విసిరిన పాసులు 8, బంతి పట్టుకుని పరిగెత్తింది 32 సార్లు. డిసెంబరు 2న అరిజోనాతో ఆటలో సాంచెజ్‌ను పక్కన పెట్టక తప్పని గడియ వచ్చేసరికి, పక్కటెముకల గాయం వల్ల టీబో ఆ రోజు ఆడేవాళ్ల జాబితాలోనే లేడు. మూడో క్వార్టర్‌బ్యాక్ గ్రెగ్ మెకెల్‌రాయ్ దిగాడు, జెట్స్ 7-6తో ఎలాగో గట్టెక్కారు. సీజన్ ఆరు గెలుపులు, పది ఓటములతో ముగిసింది. రెండో క్వార్టర్‌బ్యాక్‌ను ఇంకో పనికి తెచ్చుకుని, తీరా అసలు పని పడ్డ రోజున అతను లేకపోవడం ఎలా ఉంటుందో చూడాలంటే ఆ ఒక్క ఆట చాలు.

2023లో లెక్క కొంత మారింది. ఆ జనవరి 29న ఎన్‌ఎఫ్‌సీ (లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఫైనల్లో శాన్‌ఫ్రాన్సిస్కో 49ర్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీకి మోచేయి దెబ్బతింది. బదులు దిగిన జాష్ జాన్సన్‌కు తలకు దెబ్బ తగిలింది. ఇంకెవరూ లేక, దూరంగా బంతి విసరలేని పర్డీనే మళ్లీ పంపారు. ఫిలడెల్ఫియా ఈగల్స్ 31-7తో గెలిచారు. అదే ఏడాది మేలో యజమానులు అత్యవసర మూడో క్వార్టర్‌బ్యాక్ నిబంధన ఆమోదించారు. అతను 48 మంది లెక్కలోకి రాడు. మొదటి ఇద్దరూ గాయంతోనో బహిష్కరణతోనో తప్పుకుంటేనే దిగాలి, కోచ్‌కు నచ్చలేదన్న కారణం చెల్లదు. అంటే రెండోవాణ్ణి పంట్ జట్టులో పోగొట్టుకున్నా ఆట మధ్యలో దిక్కులేని స్థితి రాదు. కాని వచ్చే వారం సంగతి వేరు. మూడోవాడు ఎంతటివాడో మీకే తెలియాలి.

క్వార్టర్‌బ్యాకే లేకపోతే ఏమవుతుందో 2020 నవంబరు 29న డెన్వర్‌లో తేలింది. కోవిడ్ నిబంధనల వల్ల బ్రాంకోస్ క్వార్టర్‌బ్యాకులు ఎవరూ దిగలేకపోయారు. ప్రధాన జాబితా బయట సాధన చేసే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో రిసీవర్‌గా (పాసులు పట్టేవాడిగా) ఉన్న కెండల్ హింటన్‌ను దింపారు. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడే. 9 పాసుల్లో ఒకటి చేరింది, రెండు ప్రత్యర్థుల చేతిలో పడ్డాయి, 31-3తో ఓడారు. ఎదుటి జట్టు సెయింట్స్, ఆ రోజు వాళ్ల మొదటి క్వార్టర్‌బ్యాక్ టేసమ్ హిల్. రెండేళ్లు పంట్‌ల వెంట పరిగెత్తినవాడు అటు, రిసీవర్‌గా మారిన పాత క్వార్టర్‌బ్యాక్ ఇటు. రచయిత కల్పించి రాస్తే నమ్మరు.

హోల్డర్: అతి తక్కువ ప్రమాదం, అంతకంతకూ తగ్గిన అవసరం

ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నడం) కొట్టేటప్పుడు ఏడెనిమిది గజాల వెనుక మోకాలి మీద కూర్చుని, స్నాప్ అందుకుని, కుట్లు కిక్కర్ కాలికి తగలకుండా తిప్పి నిలబెట్టేవాడు హోల్డర్. స్నాప్ నుంచి కిక్ దాకా పట్టే సమయం ఒక సెకను, ఆపైన కొంచెం. చేతులు బాగుండాలి, కంగారు పడకూడదు. అందుకే ఒకప్పుడు ఇది బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ సొత్తు. అతన్ని ఢీకొనేవాళ్లు ఉండరు, ఫేక్ (తన్నబోతున్నట్టు నటించి విసరడమో పరిగెత్తడమో) అవసరమైతే విసరగల చెయ్యి సిద్ధంగా ఉంటుంది.

ఇప్పుడు చాలా జట్లు ఈ పని పంటర్‌కే ఇస్తున్నాయి. కారణం సాదాసీదా. క్వార్టర్‌బ్యాకులు అఫెన్స్‌తో సాధన చేసే వేళంతా కిక్కర్, పంటర్, స్నాపర్ ముగ్గురూ ఒకచోటే ఉంటారు. ఒకే చేతి నుంచి, ఒకే తీరులో వేల సార్లు అలవాటు పడతారు. బ్యాకప్‌కు ఆ తీరిక దొరకదు, అతను మొదటివాడైతే అసలే దొరకదు. టోనీ రోమో కథ అదే. డాలస్ కౌబాయ్స్‌లో బ్యాకప్‌గా ఉన్నప్పుడు హోల్డర్. 2006 అక్టోబరులో డ్రూ బ్లెడ్‌సో స్థానంలో మొదటి క్వార్టర్‌బ్యాక్ అయ్యాక కూడా ఆ పని మార్చలేదు. 2007 జనవరి 6న సియాటిల్‌లో ప్లేఆఫ్ ఆట, 21-20తో వెనుకబడ్డారు, ఒక నిమిషం 19 సెకన్లు మిగిలింది, 19 గజాల ఫీల్డ్ గోల్. స్నాప్ చేతిలోంచి జారింది. బంతి తీసుకుని పరిగెత్తబోతే గీతకు ముందే పట్టేశారు. నిందంతా రోమో మీద పడింది. పదోన్నతి వచ్చినవాణ్ణి పాత పనిలోనే ఉంచిన కోచ్‌ల సంగతి ఎవరూ అంతగా ఎత్తలేదు.

పంటర్‌ను హోల్డర్ చేస్తే ఫేక్ చేతులారా వదులుకున్నట్టే అనే వాదన ఒకటుంది. 2015 జనవరి 18న గ్రీన్ బే మీద సియాటిల్ 16-0తో వెనుకబడి ఉండగా, హోల్డర్‌గా కూర్చున్న పంటర్ జాన్ రయన్ లేచి పరిగెత్తి, అఫెన్సివ్ లైన్‌లో టాకిల్‌గా ఆడే గ్యారీ గిలియమ్‌కు 19 గజాల టచ్‌డౌన్ పాస్ విసిరాడు. ఓవర్‌టైమ్‌లో సియాటిల్ గెలిచింది. ఎన్‌ఎఫ్‌ఎల్ స్థాయిలో ఇక వాదన అక్కర్లేదు, పంటర్‌కే ఇవ్వండి.

పంటర్ ముందు నిలబడేవాడు

నా దృష్టిలో బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌కు నిజంగా సరిపోయే స్పెషల్ టీమ్స్ పని ఇదొక్కటే. పంటర్ లైనుకు పద్నాలుగు, పదిహేను గజాల వెనుక ఉంటాడు. మధ్యలో నిలబడే అంగరక్షకుడు ఎదుటివాళ్లలో ఎవరు పైకి వస్తున్నారో లెక్క పెట్టి, ఎవరు ఎవర్ని ఆపాలో చెప్పి, స్నాప్‌కు సైగ ఇచ్చి, చివరికి తప్పించుకొచ్చినవాణ్ణి తాను అడ్డుకుంటాడు. అడ్డుకోవడం తప్ప మిగతాదంతా క్వార్టర్‌బ్యాక్ రోజూ చేసే పనే. స్నాప్ అతనికే నేరుగా వస్తే, పంట్‌కు సిద్ధపడ్డ ఎదుటి జట్టు ముందు విసరగలవాడు, పరిగెత్తగలవాడు నిలబడి ఉంటాడు. ఆ భయమే సగం లాభం. పంట్ అడ్డుకోవడానికి అందరినీ పంపే ధైర్యం వాళ్లకు ఉండదు.

2019 జనవరి 13న న్యూ ఆర్లియన్స్‌లో ప్లేఆఫ్ ఆట. ఈగల్స్ 14-0తో ముందున్నారు. సెయింట్స్ తమ సొంత 30 గజాల గీత దగ్గర నాలుగో డౌన్‌కు (పది గజాలు తేవడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో చివరిదానికి) చేరారు, కావలసింది ఒక గజం. పంట్‌కు నిలబడ్డారు. స్నాప్ హిల్‌కు వెళ్లింది, అతను నాలుగు గజాలు తెచ్చాడు. ఆ డ్రైవ్ (బంతి చేతిలో ఉన్నంతసేపు సాగే దాడి) టచ్‌డౌన్‌తో ముగిసింది, ఆట 20-14తో సెయింట్స్‌ది. జెట్స్ టీబోతో చేసినవాటిలో పనికొచ్చినవి కూడా ఈ కోవలోవే. 2012 అక్టోబరులో ఇండియానాపొలిస్ మీద పంట్ నటించి, మామూలుగా డిఫెన్స్‌లో ఆడే లైన్‌బ్యాకర్ నిక్ బెలోర్‌కు 23 గజాల పాస్ వేశాడు.

ఇక్కడ కూడా పంటర్ పోటీకి వస్తాడు. హిల్ పరుగు తీసిన వారం తర్వాత అదే మైదానంలో ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్. లాస్ ఏంజెలిస్ రామ్స్ 13-0తో వెనుకబడ్డారు. హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన పంటర్ జానీ హెకర్, శామ్ షీల్డ్స్‌కు 12 గజాల పాస్ వేసి డ్రైవ్ నిలబెట్టాడు. రామ్స్ ఓవర్‌టైమ్‌లో 26-23తో గెలిచారు. మీ పంటర్ విసరగలిగితే బ్యాకప్‌ను ఈ పనికి తేవాల్సిన అవసరం సగం తగ్గుతుంది. కాని ఒక గజం, రెండు గజాల దూరంలో పరుగే నమ్మకం. ఆ పని పంటర్ కంటే 220 పౌన్ల క్వార్టర్‌బ్యాక్ బాగా చేస్తాడు.

కిక్కాఫ్ వెంట పరుగు

కొద్దిమాటల్లో: వద్దు. క్రికెట్‌లో రిజర్వ్ వికెట్ కీపర్‌ను హెల్మెట్ పెట్టి షార్ట్ లెగ్‌లో నిలబెట్టినట్టు ఉంటుంది. పట్టగలడు, కాని వేలు విరిగితే? 2024లో ఎన్‌ఎఫ్‌ఎల్ కిక్కాఫ్ పద్ధతి మార్చింది. కవరేజ్ ఆటగాళ్లు (తన్నిన బంతి వెంట పరిగెత్తి రిటర్న్‌ను ఆపేవాళ్లు) పదిమంది ఎదుటి జట్టు 40 గజాల గీత దగ్గరే నిలబడి, బంతి నేలనో ఆటగాణ్ణో తాకాకే కదలాలి. దూరం నుంచి దూసుకొచ్చే ఢీలు తగ్గాయి, ప్రమాదం పూర్తిగా పోలేదు. పైగా ఈ పని బాగా చేసే కుర్ర లైన్‌బ్యాకర్లు, సేఫ్టీలు చవకగా దొరుకుతారు. మినహాయింపు ఒకటే: మూడో క్వార్టర్‌బ్యాక్, క్వార్టర్‌బ్యాక్‌గా ముందుకు వెళ్లే దారి మూసుకుపోయినవాడు, లీగ్‌లో నిలబడటానికి ఇంకో తలుపు వెతుక్కుంటున్నవాడు. జో వెబ్ అలా బతికాడు. వైకింగ్స్ 2010లో రిసీవర్‌గా తీసుకుని క్వార్టర్‌బ్యాక్‌గా మార్చారు. తర్వాత కరొలైనా పాంథర్స్‌లో మూడో క్వార్టర్‌బ్యాక్‌గా ఉంటూనే స్పెషల్ టీమ్స్‌లో ఆడాడు, కిక్ రిటర్న్ చేశాడు. ఆ తర్వాత బఫెలోకు వెళ్లాడు. 2017 డిసెంబరులో అక్కడి మంచు తుఫానులో జట్టు క్వార్టర్‌బ్యాక్ నేథన్ పీటర్మన్ దెబ్బతింటే దిగింది వెబ్బే. బఫెలో ఓవర్‌టైమ్‌లో గెలిచింది.

ట్రిక్ ప్లేలు: అసలు బ్యాకప్ క్వార్టర్‌బ్యాకే ఎందుకు?

ఎదుటివాళ్లను ఏమార్చే ఈ ప్లేలే అభిమానులకు ఇష్టమైన భాగం. కోచ్‌లు అతిగా లెక్క వేసేదీ ఇక్కడే. బ్యాకప్ మైదానంలోకి రాగానే ఎదుటి డిఫెన్స్ కోఆర్డినేటర్‌కు తెలిసిపోతుంది, ఏదో జరగబోతోందని. ఆశ్చర్యం కోసం తెచ్చినవాడు ముందే హెచ్చరికగా మారతాడు. హిల్ దీన్ని దాటాడు. కారణం, టైట్ ఎండ్‌గా, బ్లాకర్‌గా మామూలు ప్లేలలో కూడా ఉండేవాడు. క్వార్టర్‌బ్యాకులు వేసుకునే నంబర్లకు పాస్ అందుకునే అర్హత ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, రిఫరీకి ముందు చెప్పుకోవాల్సిన పని కూడా లేదు. ఆటకు రెండు సార్లు మాత్రమే దర్శనమిచ్చే బ్యాకప్‌కు ఈ ముసుగు దొరకదు.

చిన్న చిన్న చిక్కులూ ఉన్నాయి. హెల్మెట్‌లో రేడియో ఉన్న ఆటగాడు ఒక్క జట్టు వైపు నుంచి ఒకేసారి ఒక్కడే మైదానంలో ఉండాలి. ఇద్దరు క్వార్టర్‌బ్యాకులు దిగితే ఒకరు రేడియో లేని హెల్మెట్ పెట్టుకోవాలి. రెండు ముందు పాసులు చెల్లవు, కాబట్టి మొదటిది వెనక్కే వేయాలి. పక్కకు రిసీవర్‌గా వెళ్లి నిలబడిన మొదటి క్వార్టర్‌బ్యాక్‌ను డిఫెండర్ ఏ రిసీవర్‌నైనా తోసినట్టే తోయవచ్చు. కోట్ల డాలర్ల చేతిని అక్కడ నిలబెట్టి బ్యాకప్ చేత రెండు గజాలు తెప్పించుకోవడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

ఇంకో దారి ఉంది: క్వార్టర్‌బ్యాక్‌గా పెరిగి రిసీవర్ అయినవాడు. అతను ప్రతి ప్లేలోనూ మైదానంలోనే ఉంటాడు, అనుమానం రాదు. 2006 ఫిబ్రవరి 5 సూపర్ బౌల్‌లో (లీగ్ తుది పోరులో) పిట్స్‌బర్గ్ రిసీవర్ ఆంట్వాన్ రాండల్ ఎల్, హైన్స్ వార్డ్‌కు 43 గజాల టచ్‌డౌన్ పాస్ విసిరాడు. ఇండియానా యూనివర్సిటీలో అతను క్వార్టర్‌బ్యాక్. 2015 జనవరిలో బాల్టిమోర్ మీద జూలియన్ ఎడెల్మన్, టామ్ బ్రేడీ వెనక్కి వేసిన బంతి అందుకుని డ్యానీ అమెండోలాకు 51 గజాల టచ్‌డౌన్ వేశాడు. కెంట్ స్టేట్‌లో అతనూ క్వార్టర్‌బ్యాకే. 2018 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఈగల్స్ ఆడిన ఫిలీ స్పెషల్‌లో బంతి విసిరింది టైట్ ఎండ్ ట్రే బర్టన్. పట్టింది నిక్ ఫోల్స్. మొదటి క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ గాయపడటంతో దిగిన బ్యాకప్ అతను. బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ చరిత్రలో అతి పేరున్న ట్రిక్ ప్లేలో అతను చేసింది క్యాచ్ పట్టడం, అదీ ఆ వేళకు మొదటి క్వార్టర్‌బ్యాక్ హోదాలో.

అందుకే రెండు సార్లు విసరాల్సిన ప్లే అయితే రిసీవర్‌ను వాడండి. గజం, అరగజం కావాలంటే బ్యాకప్‌ను వాడండి. 2020లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ ఫిలిప్ రివర్స్‌ను పక్కకు పిలిచి జకోబీ బ్రిసెట్‌ను దింపేది ఇలాంటి చోటే. అందులో ఎవరినీ మోసం చేయడం లేదు. ఏం జరగబోతోందో అందరికీ తెలుసు, అయినా పని జరుగుతుంది. తరచూ గెలిచే ట్రిక్ ప్లే అంటే నాకు అదే.

రేపు జట్టును నడిపేవాడైతే

2018లో బాల్టిమోర్ జో ఫ్లాకో వెనుక ఉన్న లమార్ జాక్సన్‌ను ఫ్లాకోతో పాటే మైదానంలోకి దింపి పరిగెత్తించేది. నవంబరులో ఫ్లాకో తుంటి గాయంతో కూర్చోగానే జట్టు అతని చేతికొచ్చింది. 2020లో ఈగల్స్ జేలన్ హర్ట్స్‌తో అదే చేశారు, డిసెంబరు 13న మొదటిసారి అతని చేత ఆట మొదలుపెట్టించారు. 24-21తో ఓడిన ఎదుటి క్వార్టర్‌బ్యాక్ ఎవరో చెప్పనవసరం లేదు, మళ్లీ హిల్. ఇలాంటి కుర్రాళ్లకు ఆటలో కొద్ది స్నాప్‌లు మేలే, వేగానికి అలవాటు పడతారు. పంట్, కిక్కాఫ్ జట్లు మాత్రం వీళ్లకు వద్దు.

స్నాప్‌లు మితి తప్పితే ఏమవుతుందో పాట్ వైట్ విషయంలో చూశాం. 2008 సెప్టెంబరులో వైల్డ్‌క్యాట్‌తో (క్వార్టర్‌బ్యాక్‌కు బదులు ఇంకొకరికి నేరుగా స్నాప్ ఇచ్చే పద్ధతితో) న్యూ ఇంగ్లండ్‌ను 38-13తో ఓడించిన ఉత్సాహంలో మయామి, మరుసటి ఏడాది రెండో రౌండ్‌లో ఆ పని కోసమే అతన్ని తీసుకుంది. విసిరిన అయిదు పాసుల్లో ఒక్కటీ చేరలేదు. సీజన్ చివరి ఆటలో పరిగెత్తుతూ తలకు బలమైన దెబ్బ తిన్నాడు. ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్‌లో ఇంకో పాస్ వేయలేదు. వారంలో బ్యాకప్‌కు దొరికే సాధన ఎలాగూ కొంచెమే. అదంతా చమత్కారాలకు పోతే క్వార్టర్‌బ్యాక్‌గా ఎదిగేది ఎప్పుడు?

ధర ఎంత కట్టాలన్నదీ తేలని విషయమే. 2021 నవంబరులో సెయింట్స్ హిల్‌తో చేసుకున్న నాలుగేళ్ల ఒప్పందం 40 మిలియన్ డాలర్లది, క్వార్టర్‌బ్యాక్‌గా ఆడితే 95 దాకా పెరిగేలా. ఇతను ఎవరో తమకే తెలియదని జట్టు కాగితం మీద రాసిచ్చినట్టయింది. ఫాంటసీ లీగ్‌లు ఆడే మన ఐటీ మిత్రులకు 2020 గుర్తుండే ఉంటుంది. ఈఎస్‌పీఎన్‌లో హిల్‌ను టైట్ ఎండ్ గడిలో పెట్టి, క్వార్టర్‌బ్యాక్ పాయింట్లు దండుకున్నవాళ్లతో స్నేహాలు చెడిన లీగులున్నాయి.

మీ అబ్బాయి హైస్కూల్ జట్టులో ఉంటే

టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో ప్రాంతాల తెలుగు ఇళ్లలో పిల్లలు ఈ ఆటలోకి వస్తున్నారు, తల్లిదండ్రులు నియమాలు నేర్చుకుంటున్నారు. హైస్కూల్లో లెక్క వేరు. జట్టు చిన్నదైతే రెండో క్వార్టర్‌బ్యాక్ బెంచీ మీద కూర్చోవడమే వృథా. సేఫ్టీగానో రిసీవర్‌గానో ఎలాగూ ఆడతాడు. ఇక్కడ హోల్డర్ పని మొదట అడగండి. కిక్కర్, పంటర్, స్నాపర్ కూడా వేరే స్థానాల్లో ఆడేవాళ్లే కాబట్టి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పంటర్‌కున్న సౌలభ్యం ఇక్కడ ఎవరికీ లేదు. క్వార్టర్‌బ్యాక్ చేతులే మేలు. పంటర్ ముందు నిలబడే పని రెండోది, అబ్బాయికి ఎదుటి లైను చదవడం వస్తుంది. కిక్కాఫ్ కవరేజ్ అడిగితే మాత్రం కోచ్‌ను మర్యాదగా ఒకటి అడగండి: శుక్రవారం రాత్రి ఇద్దరూ పడిపోతే సెంటర్ వెనుక నిలబడేది ఎవరు, ఆ పిల్లాడు ఈ వారం ఎన్ని స్నాప్‌లు తీసుకున్నాడు? వెంటనే పేరు చెబితే సంతకం పెట్టండి. తల గోక్కుంటే ఆ వారానికి హోల్డర్ పనితో సరిపెట్టమనండి.